రైలుకు అడ్డం పెట్టిన గెడ

ఇటుకల పండగ మూడో రోజు, మంగళవారం, పొద్దున్న పదకొండుంపావు. గడియారం చూడ్డం అప్పుడే కొత్తగా నేర్చుకున్నాను కాబట్టి ఆ గంట బాగా గుర్తు. ఆ రోజుల్లో నాకు నలభై ఏడేళ్లు. చదువులో మాత్రం రెండేళ్ల పిల్లను. (నవ్వేవాళ్లు నవ్వండి. పలక పట్టిన రోజు మా ఆయన మీకంటే గట్టిగా నవ్వాడు.) మా కొండల మీద తిరిగే రైలును సర్కారు ఒక కంపెనీకి అప్పగించింది. కంపెనీ పెట్టెలకు రంగులేసింది, పెద్ద అద్దాలు బిగించింది, మా ఊరి హాల్టు ఎత్తేసింది. దాంతో మా ఆడవాళ్లు అల్లం గంపలు నెత్తిన పెట్టుకుని రెండు కొండలు దాటి పెద్ద స్టేషనుకు నడిచేవారు. అదే కంపెనీ నాకు నీలం కోటు, టోపీ ఇచ్చి టూరిస్టులకు కాఫీ అందించే పనిలో పెట్టింది. మా ఊళ్లో నెలజీతం తెచ్చిన మొదటి ఆడదాన్ని నేనే. టోపీ ఇంట్లో కూడా తీసేదాన్ని కాదు.

మెడలో టై ఎప్పుడూ విప్పని మా మేనేజరును అందరం టైబాబు అనేవాళ్లం. బండి ఆలస్యానికి ఎవరు కారణమైతే వాళ్లు ఆ సాయంత్రమే ఇంటికి. అదీ ఆయన రూలు.

ఇటుకల పండక్కి మా మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు గెడ పెట్టి వచ్చేపోయేవాళ్లను చందా అడుగుతారు. ఇచ్చింది తీసుకుని నవ్వుతూ వదిలేస్తారు. జీపులూ బస్సులూ ఇచ్చే పోతాయి. రైలును మాత్రం ఎందుకు వదలాలని ఆ ఏడు మా పెద్దొదినకు తోచింది. పెద్ద స్టేషనులో ఆగి ఉన్న ఇంజను ముందు గెడ పెట్టి, వేటకు పోని డోలు మామ వాయిస్తుంటే ఊరి ఆడవాళ్లతో థింసా ఆట మొదలుపెట్టింది. టైబాబు పట్నం మనిషి. కంపెనీ మీద ధర్నా అనుకుని, చెమటలు కక్కుతూ నన్ను లాక్కుపోయాడు.

"మీ డిమాండ్లు ఏమిటో రాసివ్వండి" అన్నాడు.

పది రూపాయలిస్తే పోతుందని చెప్పడానికి నోరు తెరిచాను. ఇంతలో ఆయన కాగితం, పెన్ను నా చేతిలో పెట్టాడు. సంతకం తప్ప ఇంకేదైనా రాయమని నన్ను అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. నోరు మూసుకున్నాను.

పెద్దొదిన నన్ను ఎగాదిగా చూసింది. "ఏటే గుంటా, అలా సూత్తావు? మా ఊరికాడ బండి ఆపమని రాయి. బేగి."

బేగి అయ్యే పనా అది? ఇంజను మీద కాగితం ఆనించి ఒక్కో అక్షరం దిద్దాను. మొదటి కాగితం చిరిగింది. డ్రైవరు దిగొచ్చి నా వెనక నిలబడి గుణింతం చెప్పాడు. నలభై నిమిషాలు పట్టింది. టైబాబు చదవకుండానే సంతకం పెట్టాడు. పెద్దొదిన ఆ కాగితం రవికలో దోపుకుని మళ్లీ చెయ్యి చాపింది.

"మరి పండగ సందా, బాబూ?"

ఆయన పది రూపాయలిచ్చాడు. గెడ లేచింది. అప్పుడు అర్థమైంది ఆయనకు. "ఇంతేనా? ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు.

"నువ్వు రాయమన్నావు కదా బాబూ" అన్నాను.

ఆయన రూలు ప్రకారం సాయంత్రానికి కోటు ఇచ్చేశాను. సంతకం పెట్టాడు కాబట్టి వారం తిరక్కుండా మా హాల్టులో బండి ఆగింది. కంపెనీ వెళ్లిపోయి రైలు మళ్లీ సర్కారు చేతికొచ్చినా ఇప్పటికీ ఆగుతోంది. అల్లం గంపతో దిగినప్పుడల్లా ఆ టోపీ పిచ్చిదాన్ని తలుచుకుని నవ్వుకుంటాను. జీతం పోయిందని కాస్త తిట్టుకుంటాను కూడా. ఆ సాయంత్రం నేను వెళ్లేముందు టైబాబు ఆలస్యానికి కారణమైనవాళ్ల పేర్లు రాయమన్నాడు. అదీ తీరుబడిగానే రాశాను: పెద్దొదిన, చిన్నొదిన, అల్లం పెద్దమ్మ, డోలు మామ, గుణింతం చెప్పిన డ్రైవరు, టైబాబు, నేను.