ఉతుకుడు బండ వెనక వైపు

ఊరంతా ఆవిణ్ణి మీటింగుల అమ్మగారు అంటుంది. ముఖం మీద ఎవరూ అనరు, అన్నా ఆవిడ నొచ్చుకునే రకం కాదు. డాక్టరు గారి భార్య. విందుకు పిలిస్తే అందరికంటే ముందొస్తుంది, ప్లేటు చేతికందే లోపే వెలగని వీధి దీపాల సంగతి ఎత్తుతుంది. ఇక ఊరి పాత వస్తువులంటే ప్రాణమే! మ్యూజియం పెడదాం, మీ ఇళ్ళలో ఉన్నవి ఇవ్వండంటూ పదేళ్ళు కాలికి బలపం కట్టుకుని తిరిగింది. ఒక్కరిస్తే ఒట్టు. అందుకే మైకు దొరికినప్పుడల్లా, "ఊరి సొత్తు దాచుకున్న దొంగల్లారా!" అని అందరినీ ఉతికి ఆరేసేది.

ఇంతలో కొంప మునిగింది. బజారు మధ్యలోని పాత సభా హాలు కూల్చి షాపులు కడతామన్నాడు కమిషనరు. ఆవిడ వెళ్ళి దెబ్బలాడింది.

"జనం కోసం కట్టిందని రుజువేదమ్మా? శంకుస్థాపన రాయి ఉండాల్సిన చోట గోడకు గుంట ఉంది. సోమవారం లోపల ఆ రాయి చూపించండి, ఆపేస్తాను."

ఆవిడ ఊరంతా జల్లెడ పట్టింది. ఆదివారం మధ్యాహ్నం ఉసూరుమంటూ వచ్చి పెరట్లో ఉతుకుడు బండ మీద కూలబడింది. పక్కనే అత్తగారు బట్టలు మడతపెడుతోంది.

"ఏం రాయే అది?"

"నల్లరాయి అత్తయ్యా. అక్షరాలుంటాయి."

"మన బండకీ ఉండేవి. మీ మామయ్య ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చారు. అక్షరాలకు బట్టలు చిరుగుతున్నాయని ఆయన చేతే బోర్లా వేయించాను."

ఆవిడ బండ మీంచి ఎగిరి దూకింది. "ఏమండీ! గునపం తీసుకురండి!"

మొగుడూ పెళ్ళాలు రొప్పుతూ తిప్పారు. మట్టి కడిగితే అక్షరాలు తేలాయి: ఈ హాలు ఊరివారందరిదీ. ఆనందం పట్టలేక ఆవిడ అత్తగారిని వాటేసుకుంది. డాక్టరు గారి ముఖం మాత్రం వాడిపోయింది.

"చెత్తకుప్పలో దొరికిందని చెప్పవే. నాన్న పరువు బజారున పడుతుంది."

ఆవిడ అత్తగారి వైపు చూసింది.

"నేనూ వస్తాను పద" అంది అత్తగారు.

సోమవారం హాలు ముందు కూల్చే యంత్రం గుర్రుమంటోంది. కమిషనరు రాయి చదివాడు, యంత్రం ఆపించాడు. జనం ఒకటే ఈలలు!

"ఎక్కడ దొరికిందండీ?" అన్నాడాయన. బజారంతా చెవులు రిక్కించింది. ఆవిడ జనం వైపు తిరిగింది.

"మా పెరట్లో, ఉతుకుడు బండగా. మా మామగారు ఎత్తుకొచ్చారు. ఇన్నేళ్ళూ మిమ్మల్ని దొంగలన్నాను, ముందు మేమే దొంగలం."



"బట్టలు మాత్రం తెల్లగా వచ్చేవిలే" అంది అత్తగారు. బజారు పగలబడి నవ్వింది.

మర్నాడు పొద్దున్నే రాయి చూసుకుందామని వెళ్ళిన ఆవిడ హాలు మెట్ల దగ్గరే ఆగిపోయింది. మెట్ల మీద, ఎప్పుడో మాయమైన హాలు కంచు గంట, గోడ గడియారం, అధ్యక్షులు కూర్చునే, చేతులు విరిగిన కుర్చీ. తెచ్చి పెట్టినవాళ్ళ జాడ లేదు. వెనకాల ఇంకెవరో గోనెసంచీ ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడైంది. వాళ్ళు సిగ్గుపడి వెనక్కి పోతారేమోనని, ఆవిడ గబగబా స్తంభం చాటున నక్కింది.