పేరు రాయని సీసా

2023 డిసెంబరు. తిరువూరులో నా పురుగుమందుల కొట్టుకి అప్పటికి పందొమ్మిదేళ్లు. మామిడి పూత మొదలయ్యే ఆ రోజుల్లో మాకు ఊపిరి సలపదు. రెడ్డిగూడెం వైపు చాలా తోటల్లో నేల ఒకరిది, కాపు ఇంకొకరిది. పూత మీదే కాపు కొన్న వ్యాపారి మందు కొట్టిస్తాడు, యజమాని తన పని తను చూసుకుంటాడు. ఆ రోజు జరిగినదానికి సగం కారణం ఈ ఏర్పాటు. మిగతా సగం నేను.

వెంకటేశ్వర్లు బాబాయ్ కాపు కొన్న తోటలో యజమాని ఆ ఏడే ఒక చెక్క క్యాబిన్ కట్టించాడు. దీన్ని గ్లాంపింగ్ అంటారు. తోటలో మకాం వేసినట్టూ ఉండాలి, మెత్తటి పరుపూ వేడినీళ్లూ కూడా ఉండాలి. పట్నంలో పనితో విసిగిన జంటలు వచ్చి రెండు రోజులుండి వెళ్తారు. ఎవరు ఎప్పుడు దిగుతున్నారో బాబాయ్‌కి తెలియదు. మందు ఎప్పుడు కొడుతున్నారో యజమానికి తెలియదు.

ముందురోజు బాబాయ్ కొట్టుకొచ్చి, "తేనెమంచు పురుగు దిగిందిరా శ్రీనూ. పోయినసారి నువ్విచ్చింది తాగి పురుగులు ఇంకా బలిసినయ్యి. ఈసారి గట్టిది ఇవ్వు" అన్నాడు.

అధికారులు అమ్మకం ఆపెయ్యమని చెప్పిన పాత మందు నా దగ్గర రెండు డబ్బాలు మిగిలిపోయింది. ఆర్గానోఫాస్ఫేట్ రకం, అంటే నరాల మీద పనిచేసేది. పురుగు నరాలని, మనిషి నరాలని తేడా చూడదు. డబ్బాతో ఇస్తే లేబుల్ ఎవరి కంటనైనా పడుతుందని ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో పోసిచ్చాను. మోతాదు రెట్టింపు వెయ్యమన్నాను. పాత సరుకు వదిలిందని సంతోషించాను కూడా.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకి, ఇంకా కొట్టు తాళం తీస్తుండగానే బాబాయ్ ఫోను.

"శ్రీనూ, ఆ క్యాబిన్లో దిగిన అమ్మాయి ఒకటే వాంతులంట. యజమాని కార్లో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పొద్దున ఏడింటికి మనోళ్లు అటుపక్కే కొట్టారు. మందు పనేమోరా?"

నా చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. "మందు కాదులే బాబాయ్. రాత్రి బొగ్గుల మీద కోడి కాల్చుకుని ఉంటారు. పచ్చిగా తినుంటారు."

"అంతేనంటావా?"

"అంతే."

"తోటలో ఏం కొట్టారని డాక్టరు అడుగుతున్నాడంట. ఏం చెప్పమంటావు?"

"వేపనూనె అని చెప్పు" అన్నాను.

అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. తర్వాత కొట్టు తెరిచాను, ఊడ్చాను, అగరొత్తి వెలిగించాను. ఇద్దరు రైతులకు మిరప మందులిచ్చాను. వాళ్లకిచ్చిన ప్రతి డబ్బా మీదా లేబుల్ కనపడింది. అందులో ఒకాయన, "ఏంటి శ్రీనూ, చిల్లర ఇవ్వకుండా డబ్బా వంక చూస్తావు? నీకే కొత్తా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోను చేసి నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం పని. లైసెన్సు పోతుంది, పిల్లల ఫీజులున్నాయి, అయినా కోడిమాంసమే అయ్యుంటుంది అని నాకు నేను చెప్పుకుంటూ కూర్చున్నాను.

తొమ్మిదీ పదికి బాబాయ్ మళ్లీ చేశాడు. గొంతు మారిపోయింది. "ఒరేయ్, ఆ పిల్ల నోటెంట నురగొస్తందంట. కళ్లల్లో నల్లగుడ్డు సూదిమొనంత అయిందంట. నిజంగా వేపనూనేనా అని డాక్టరు గదమాయిస్తున్నాడంట. నువ్వు నాకేం పోసిచ్చావురా?"

సూదిమొనంత. డీలర్లకిచ్చిన శిక్షణలో ఈ రకం మందు విషానికి ఆ గుర్తు చెప్పారు. అప్పుడు వెనక బల్ల మీద కూర్చుని టీ తాగుతూ విన్నాను. కొట్టు వెనక చెత్తలో పడేసిన పాత డబ్బా వెతికి పట్టుకుని, షట్టరు కూడా దించకుండా బండెక్కాను.

ఆసుపత్రిలో ఆమె మంచం మీద వంకరగా పడుకుని ఉంది. పేరు సునీత. భర్త ప్రదీప్. ఇద్దరూ ఖమ్మంలో స్కూలు టీచర్లు. చలికి వణుకుతోందని ఆయన ఆమెకి ముదురు ఎరుపు ఉన్ని శాలువా మెడదాకా కప్పి, కదలకుండా పట్టుకుని ఉన్నాడు. నేను డబ్బా డాక్టరు చేతికిచ్చి, "వేపనూనె కాదండి. ఇది. రెట్టింపు మోతాదులో" అన్నాను.

ఆయన డబ్బా మీద విషానికి గుర్తుగా వేసిన ఎర్ర త్రికోణం కింద చిన్న అక్షరాలు చదివాడు. ఇంజక్షన్లు ముందే తీసి పెట్టుకున్నాడు. "అనుమానం వచ్చి అట్రోపిన్ ఒక డోసు వేశాను. ఇదని తెలిస్తే ఎప్పుడో గట్టిగా మొదలెట్టేవాణ్ని" అన్నాడు నా వంక చూడకుండానే. అట్రోపిన్ అంటే ఈ విషానికి విరుగుడు.

"కానీ ఆమె మీద పడిందెక్కడ? తోటలోకి వెళ్లారా?" అని ప్రదీప్‌ని అడిగాడు.

"లేద్సార్. తలస్నానం చేసి వరండాలో కాఫీ తాగుతూ కూర్చుంది. నేను అద్దం తలుపు లోపలున్నాను. అప్పటిదాకా బానే ఉంది, చూడండి" అని ఫోను తీశాడు.

వీడియో నేనూ చూశాను. మామిడి చెట్ల మధ్య నుంచి తెల్లటి తెర ఒకటి మెల్లగా జారి వస్తోంది. ఏటవాలు ఎండలో మెరుస్తోంది. ఎక్కడో ట్రాక్టరు చప్పుడు. ఆమె తడి జుట్టు ఆరబోసుకుని, భుజాల మీద అదే శాలువాతో, ముఖం పైకెత్తి కళ్లు మూసుకుని నవ్వుతోంది. "మంచు! బయటికి రా ప్రదీప్, ఖమ్మంలో ఎప్పుడన్నా చూశావా?"

నా కళ్లు మంచం మీదకి పోయాయి. శాలువా మీద తెల్లటి చుక్కలు ఎండి ఉన్నాయి.

"ఆ శాలువా తీసెయ్యండి!" అని అరిచాను. "అది మంచు కాదు, మందు. ఇంకా ఒంట్లోకి దిగుతానే ఉంది. జుట్టు కూడా!"

ప్రదీప్ చేతులు వెనక్కి లాక్కున్నాడు. రెండు గంటలుగా భార్యకి చలెయ్యకుండా తను కప్పి పట్టుకున్నదేంటో ఆయనకి అప్పుడర్థమైంది. ఆ ముఖం నేను మర్చిపోలేదు. సిస్టర్లు గ్లౌజులు వేసుకుని బట్టలు మార్చారు, సబ్బుతో తల మళ్లీ మళ్లీ కడిగారు. కంట్లో నల్లగుడ్డు కాస్త పెద్దదవుతోందని డాక్టరు చెప్పేదాకా నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. తర్వాత అంబులెన్సులో విజయవాడ పంపించారు. నాలుగో రోజుకి గండం గడిచింది.

పాత సరుకు అమ్మిన సంగతి నేనే వెళ్లి వ్యవసాయాధికారికి రాసిచ్చాను. కొన్నాళ్లు లైసెన్సు ఆపేశారు. బాబాయ్ నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టాడు. అంతటితో లెక్క తీరిపోయిందని ఊళ్లో అందరూ అనుకున్నారు. సంక్రాంతి సెలవులయ్యాక ఆ దంపతులు నా కొట్టుకొచ్చారు. సునీత ఇంకా నీరసంగానే ఉంది. "మందు మీదే అయినా, మీరు పరిగెత్తుకుంటూ రాబట్టే బతికానండి" అని చేతులు జోడించింది. ఎనిమిదిన్నర ఫోను గురించి వాళ్లకి తెలియదు. నేను చెప్పలేదు. ఆ దణ్ణం తీసుకున్నాను.

ఇప్పుడు నా కొట్లో విడి సీసాలో ఏదీ పోయను. డబ్బా చేతికిచ్చేముందు విరుగుడు పేరు చదివి వినిపిస్తాను, చుట్టుపక్కల ఎవరుంటున్నారని అడుగుతాను. "మందు కొనడానికొస్తే జాతకం చెబుతున్నావేంటయ్యా" అని రైతులు ఎగతాళి చేస్తారు. చెయ్యనీ.

పోయిన నెల ధైర్యం చేసి ప్రదీప్‌కి ఫోను చేసి అంతా చెప్పాను. ఆయన ఫోను భార్యకిచ్చాడు.

"ఎన్నింటికండి మీకు తెలిసింది?" అంది.

"ఎనిమిదిన్నరకి."

"అప్పటికి నాకింకా మాటొస్తోందండి" అని ఫోను పెట్టేసింది.

మందు పేరు చెప్పడానికి భయపడేవాడు మందు అమ్మకూడదు. ఇది తెలుసుకోవడానికి నాకు పందొమ్మిదేళ్లు పట్టింది. ఆ పైన నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ నావి కావు, ఆమెవి.