బాయిలర్ గదిలోకి వెళ్ళిన అక్క

మా అక్కకు వచ్చిన మెమో చదివితే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా చిరిగిన దుప్పట్లు కుడుతున్న మనిషి బాయిలర్ గదిలోకి ‘ఇన్‌ఫిల్ట్రేట్’ అయిందట! పనిలోంచి ఎందుకు తీసేయకూడదో మూడు రోజుల్లో చెప్పాలట.

నేను ట్యుటోరియల్‌లో ఇంగ్లిష్ చెప్పుకుని బతికేవాణ్ణి. ఆ మాటను కొన్ని వందల మందికి బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఎవరికీ అనుమానం రాకుండా, వాళ్ళలో ఒకడే అనిపించుకుంటూ, మనసులో ఏదో ఎత్తుగడ పెట్టుకుని మెల్లగా లోపలికి చేరిపోవడం. శత్రువుల దండులో చేరే వేగులవాడికి వాడతారు. గోడ దూకే దొంగకు కూడా ఈ మాట వాడరు. దొంగకే సరిపోని మాటను తెచ్చి మా అక్కకు తగిలించారు.

“అంటే ఏంట్రా?” అంది అక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

చెప్పాను. సూది పక్కన పెట్టేసింది.

“నేనా? నా చెప్పుల చప్పుడుకి వార్డులో పేషెంట్లు లేచి కూర్చుంటారు. పట్టపగలు పదకొండింటికి వెళ్ళాను. తలుపు బార్లా తీసుంది. ఆపరేటర్ బాబాయికి చెప్పే వెళ్ళాను. ఇందులో దొంగతనం ఎక్కడుందిరా?”

ఎందుకు వెళ్ళిందో నాకు తెలుసు. రెండు వారాల కిందట బాయిలర్ నుంచి ఇస్త్రీ యంత్రానికి వచ్చే గొట్టం అతుకు ఊడింది. ఆవిరి కొట్టి, అక్క పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. సూపర్‌వైజర్ కాగితం మీద ‘అజాగ్రత్త’ అని రాసి చేతులు దులిపేసుకున్నాడు. బాయిలర్‌ను ఎప్పుడు తనిఖీ చేశారని అక్క మూడుసార్లు అడిగితే మూడుసార్లూ నీళ్ళు నమిలాడు. నాలుగోసారి అడగకుండా తనే వెళ్ళి చూసింది. అదీ ఆవిడ చేసిన ఘోరం.

బాయిలర్ పక్క గోడకు ఒక కార్డు వేలాడుతూ ఉంటుంది. ఏటా ఇన్‌స్పెక్టర్ వచ్చి, చూసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. అక్క చదువు అయిదో తరగతి, అయినా అంకెలు బాగా తెలుసు. దుప్పట్ల మీద ఎర్రదారంతో వార్డు నంబర్లు కుట్టేది ఆవిడే. కార్డు మీద చివరి తేదీ చూసి అక్కడే నిలబడిపోయింది. అది వచ్చే ఏడాది తేదీ. పక్కనే సంతకం. రాని ఏడాదికి తనిఖీ అప్పుడే అయిపోయింది!

రాసుకుందామంటే లాండ్రీలోకి పెన్ను తీసుకెళ్ళనివ్వరు. ఒక్క పెన్ను దుప్పట్లలో కలిసిపోయి ఉడికిందంటే తెల్లబట్టలన్నీ నీలం. అందుకని కొంగున గుచ్చుకున్న సూది తీసి, చేతిలో ఉన్న గుడ్డపీలిక మీద ఆ తేదీని ఎర్రదారంతో కుట్టేసింది. కింద ఇన్‌స్పెక్టర్ సంతకాన్ని కూడా వంకర పోకుండా కుట్టింది. ఆ గుడ్డ సూపర్‌వైజర్ కంట పడింది. మర్నాడే మెమో.

విచారణకు అక్క తరఫున ఇంగ్లిష్ చదివిపెట్టడానికి నన్ను రానిచ్చారు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి అడిగాడు.

“ఆ మాటకు అర్థం చెప్పారా మీ అక్కకి? ఒప్పుకుంటుందా?”

“మీకు చెప్పేవాళ్ళు లేకపోయారు సార్,” అన్నాను. క్లాసులో చెప్పినట్టే గొంతు పెంచి అర్థం, వాడుక, ఉదాహరణలతో సహా చెప్పాను. సూపర్‌వైజర్ గుడ్లురిమాడు. నేను లెక్కచేయలేదు.

మేనేజరు మాత్రం నవ్వాడు. “మాటదేముందండీ, మార్చేద్దాం. ‘అనుమతి లేకుండా వెళ్ళాను, తప్పయింది’ అని సంతకం పెట్టమనండి. వారం సస్పెన్షనుతో పోతుంది.”

ఉద్యోగం నిలబడుతుందనగానే నా పౌరుషం చల్లారిపోయింది. పెట్టెయ్యమని అక్క మోచేతిని పొడిచాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అక్క నా వైపు చూడను కూడా లేదు. “వెళ్ళానని రాయండి సార్. ఎందుకు వెళ్ళానో రాయండి. కార్డు మీద ఏం చూశానో అదీ రాయండి. అప్పుడు సంతకం పెడతాను,” అని గుడ్డను బల్ల మీద పరిచింది.

“ఇదేంటి, గుడ్డపీలిక! దీన్ని ఎవరు నమ్ముతారు?”

“కుట్టింది నేనే సార్. రాసింది మాత్రం మీ ఇన్‌స్పెక్టర్.”

మేనేజరు నవ్వు ఆగిపోయింది. “నువ్వింక పనిలోకి రానక్కర్లేదు. వెళ్ళు,” అన్నాడు.

పంతొమ్మిదేళ్ళ పని ఆ రెండు ముక్కలతో పోయింది. తన కత్తెర తెచ్చుకోవడానికి అక్క లాండ్రీలోకి వెళ్ళింది. నేను బయట నిలబడి పళ్ళు నూరుకుంటున్నాను. లోపల ఏం చెప్పిందో గాని, ఇస్త్రీ యంత్రాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. పదకొండు మంది ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ అక్క వెనకాలే ఆవరణలోకి వచ్చి కూర్చున్నారు. చెయ్యి కాలినావిడ కట్టుతోనే ఇంటి నుంచి వచ్చి వాళ్ళ పక్కన చేరింది.

మధ్యాహ్నానికి దుప్పట్లేవని వార్డుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మేనేజరు పరుగులాంటి నడకతో వచ్చాడు. పొద్దున “రానక్కర్లేదు” అన్న నోటితోనే, “లోపలికి రండమ్మా, అందరూ రండి. నువ్వు కూడా రా. బాయిలర్‌కేం ఢోకా లేదు, నాదీ పూచీ,” అన్నాడు.

అక్క లేచి చీర దులుపుకుంది.

“అలాగే సార్. ముందు మీరెళ్ళండి. బాయిలర్ పక్కన ఓ పావుగంట నిలబడండి. మీ వెనకాలే మేమొస్తాం.”

మేనేజరు బాయిలర్ గది తలుపు దాకా వెళ్ళాడు. ఎవరూ అడ్డం లేరు, తలుపు తీసే ఉంది. ఆయన గడప దాటలేదు.