బాబాయ్ ఉద్యోగం

నెలనెలా జరిగే ప్రోగ్రామర్ల సమావేశంలో వయసులో పెద్దవాడైన ఒకాయన్ని అందరూ బాబాయ్ అనేవాళ్ళు. "మీరు రాసిన కోడ్ రేపు ఇంకెవరో చదవాలర్రా, వాళ్ళ మీద కాస్త దయుంచండి" అనేవాడు. ఇంటర్వ్యూల్లో బెదరకుండా ఎలా మాట్లాడాలో ఓపిగ్గా నేర్పేవాడు. ఆయన చలవతో ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ళు బోలెడుమంది.

ఒక నెల ఆయన రాలేదు. ఆయన భార్య వచ్చి, గుండెపోటుతో పోయారని చెప్పింది. అందరూ నిర్ఘాంతపోయారు.

ఆయన దగ్గర నేర్చుకుని, ఇప్పుడు తన కంపెనీలో ఉద్యోగాలకి మనుషుల్ని ఎంపిక చేసే స్థాయికొచ్చిన ఒకమ్మాయి, "ఆయన ఆఫీసువాళ్ళకి చెప్పారా పిన్నీ?" అని అడిగింది.

"ఏ ఆఫీసమ్మా? రెండేళ్ళ కిందటే తీసేశారు. వయసు చూసి ఎవరూ పెట్టుకోలేదు."

"మాకొక్క మాట చెప్పలేదే!"

"చెప్పమని పోరాను. నేర్పినవాళ్ళ ముందు చెయ్యి చాచలేనన్నారు."

ఆ అమ్మాయి బావురుమంది. పిన్నే దగ్గరికెళ్ళి ఆమె వీపు నిమిరింది.