అయిదు సాళ్ల దూరం

పోయిన నెల గుంటూరులో పిన్ని బీరువా సర్దుతూ, "మీ బాబాయిది, నువ్వే ఉంచుకోవే, ఇక్కడ దీని మొహం చూసేవాళ్లెవరూ లేరు" అంటూ నా చేతిలో పెట్టిన తోలు సంచి గుండీ తీయగానే, పాత తోలూ కలరా ఉండలూ కలిసిన వాసన గుప్పుమంది, దాంతోపాటు నా పదో ఏట పడ్డ భయం కూడా లేచి కూర్చుంది. లోపల అరచేతిలో ఇమిడే రీలు కెమెరా. సెల్‌ఫోనులాగా మొహాన్ని అదే వెతుక్కునే రకం కాదు. ఎదుటి మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నదీ మనమే అంచనా కట్టి, అద్దం చుట్టూ ఉన్న రింగును ఆ అంకె దగ్గరికి తిప్పాలి. అంచనా తప్పితే మనిషి మసక. నేను తప్పాను. తప్పింది ఒక్కసారే, అదీ మా నాయనమ్మ దగ్గర.

ప్రత్తిపాడు దగ్గర పల్లె మాది. డొంకకు ఒక పక్క మిరప, ఒక పక్క పత్తి. చలికాలం పొద్దున్నే నల్లరేగడి మీద మంచు తేలుతుండగా ఆడవాళ్లు ఒడి కట్టుకుని చేలోకి దిగడం, మాఘం వచ్చేసరికి కళ్లాల్లో ఎర్రగా పరుచుకున్న కాయల ఘాటుకు ఊరు ఊరంతా తుమ్ముతూ, తిట్టుకుంటూ, ఆ తుమ్ముల మధ్యే కబుర్లు చెప్పుకోవడం, పీర్ల పండక్కి మా నాయనమ్మ బెల్లం పోసి కలిపిన మలీద ముద్దల కోసం నేను గోళీలాట మధ్యలో వదిలేసి పరిగెత్తడం, ఇదే నాకు తెలిసిన లోకం. గుంటూరులో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే బాబాయి అప్పుడప్పుడు ఈ కెమెరా పట్టుకుని వచ్చేవాడు. అడుగులు కొలవడం నాకు మిరపతోటలోనే నేర్పాడు. "సాలుకీ సాలుకీ మధ్య రెండడుగులు. సాళ్లు లెక్కపెట్టు, రెండు పెట్టి హెచ్చవెయ్యి, రింగు తిప్పు, నొక్కు. అంతేనే!" రీలు లేని కెమెరాతో కోడికీ దూడకీ సాళ్లు లెక్కపెట్టుకుంటూ తోటంతా తిరిగేదాన్ని. అబ్బో, నా అంతటి మొనగత్తె లేదనుకునేదాన్ని.

నాయనమ్మ ఎన్నడూ ఫొటో దిగలేదు. ఎవరడిగినా పొగాకు కాడ బుగ్గన పెట్టుకుని, "ఆ డబ్బా ముందు నిలబడితే మొహం అరిగిపోద్దంట" అని తప్పించుకునేది. ఆ యేడు ఏమనుకుందో ఏమో ఒప్పుకుంది. తన పత్తి చేలోనే, ఒడి నిండా పత్తితోనే, అదీ నేను తీస్తేనే. రీలులో ఒక్క ఫొటో మిగిలింది. పొద్దు వాలిపోయిందని బాబాయి వెలుతురు బాగా పడేట్టు కెమెరా సరిచేసి ఇచ్చి, గట్టు మీద నాన్నతో మాటల్లో పడ్డాడు. నేను అయిదు సాళ్లు లెక్కపెట్టాను. అయిదు రెళ్లు పది. రింగు పది మీద పెట్టి, "కదలబాక నాయనమ్మా" అని నొక్కాను.

ఫొటోలు కడిగించి తెచ్చిన రోజు బాబాయి నన్ను పెరట్లోకి పిలిచి చూపించాడు. ముందు వరసలో పత్తికాయలు పగుళ్లతో సహా లెక్కపెట్టొచ్చు. వాటి వెనక నాయనమ్మ మొహం ఉండాల్సిన చోట ఒక మరక. "అది పత్తి చేనే, పిచ్చిమొహమా! పత్తి సాళ్ల మధ్య నాలుగడుగులు గదే!" అని నెత్తి కొట్టుకుని, "ఈసారి రీలు తెస్తాలే, ముసలామెకి చెప్పబాక" అన్నాడు. చెప్పాల్సిన పనే పడలేదు. రెండు కళ్లకూ పొరలు కమ్మిన నాయనమ్మ ఫొటోని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, "ఎంత బాగా దించిందో నా మనవరాలు!" అంటూ వీధంతా తిప్పింది. చూసినవాళ్లు ఫొటో వంకా నా వంకా చూసి, "బాగుంది పెద్దమ్మా" అనేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది.

అంతలో కంటి ఆపరేషన్ల వాళ్లు వచ్చారు. వచ్చే సోమవారం గుంటూరుకు వ్యాను, నాన్న పేరు రాయించాడు. నాయనమ్మ సంబరానికి అంతు లేదు. "కళ్లొచ్చాక ముందు నా ఫొటో చూసుకుంటానే" అంది. వీధంతా చూపించుకున్నాక, అందులో తన మొహమే లేదని తెలిస్తే? ఆదివారం పొద్దున ఆమె పక్కన చేరి, "కన్ను పీకి పళ్లెంలో పెట్టి కడుగుతారంట నాయనమ్మా, ఆ కాసేపట్లో కాకి ఎత్తుకుపోతే ఇంక అంతేనంట" అన్నాను. నోటికొచ్చినట్టు అల్లేశాను. మర్నాడు వ్యాను వీధి చివర ఎంతసేపు హారన్ కొట్టినా నాయనమ్మ చేలోంచి రాలేదు. నాన్న అరిచాడు, అమ్మ బతిమాలింది, వ్యాను వెళ్లిపోయింది. అమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మిరపకాయలు కళ్లంలోకి వచ్చాయి. తెల్లబారిన తాలు కాయలు ఏరడంలో మా నాయనమ్మ చెయ్యే చెయ్యి అనేవాళ్లు. ఆ యేడు ఆమె తాలూ మంచీ ఒకే కుప్పలో వేస్తుంటే, అమ్మ నోరెత్తకుండా వెనక కూర్చుని మళ్లీ ఏరేది. ఒక మధ్యాహ్నం మంచినీళ్లు తీసుకెళ్లి ఎదురుగా నిలబడ్డాను. తలెత్తి, కళ్లు చికిలించి, "ఎవురే, సుబ్బులా?" అంది. సుబ్బులు పక్కింటి పిల్ల.

ఇక ఆగలేకపోయాను. ఏడుస్తూ అంతా కక్కేశాను. నాయనమ్మ బొడ్లోని సంచి తీసి, ఫొటో పైకి లాగి, వేళ్లతో తడిమింది.

"అయితే ఇందులో నా మొహం లేదా?"

"లేదు."

"కన్ను పీకి కడగడం?"

"అదీ అబద్ధమే."

వీపు మీద ఒక్కటిచ్చింది. చుర్రుమంది. ఫొటోని మళ్లీ సంచిలో పెట్టుకుని, "మళ్లీ బండి ఎప్పుడొచ్చిద్దో మీ నాన్నని కనుక్కోమను" అంది.

ఎండలు ముదిరాక వెళ్లి, నల్లద్దాలతో తిరిగొచ్చింది. ముందు ఆ ఫొటోనే తీసి చూస్తుందని గుమ్మం చాటున నక్కాను. తియ్యలేదు. నన్ను వెలుతుర్లోకి లాగి, గడ్డం పట్టుకుని చూసింది, చూస్తూనే ఉంది. "ఈ గాటు ఎప్పటిదే?" అంది.

"రెండో తరగతిలో బండరాయి మీద పడింది గదత్తమ్మా, నువ్వే గదా పసుపు అద్దావు" అంది అమ్మ.

"అద్దా. తడిమి అద్దా" అంది నాయనమ్మ.

మూడేళ్లు. మూడేళ్లుగా నా మొహం ఆమెకు కనపడటం లేదు, ఎవరికీ చెప్పుకోలేదు. ఆ చూపు దక్కకుండా చెయ్యబోయింది నేను. ఆమె ఒళ్లో పడి ఏడ్చాను.

పత్తి విచ్చాక మళ్లీ దిగుదామంది. పత్తి విచ్చేలోపే పోయింది. మొహం తెలిసే ఫొటో ఒక్కటీ లేదు. ఆ చేలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లున్నాయి, కళ్లం పోయింది, సాళ్లతో దూరం చెప్పే బాబాయీ పోయాడు. మొన్న రీలు వేయించుకుని, కెమెరా పని చేస్తుందో లేదో చూద్దామని మా ఊరి దారి పట్టాను. రోడ్డు పక్క చేలో పత్తి తీస్తున్న ఒక పెద్దావిడను అడిగితే సరేనంది. సాళ్లు లెక్కపెట్టలేదు. టేపు తీశాను. "ఏందమ్మా, రైకగుడ్డ కొలిచినట్టు కొలుస్తన్నావు?" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు మీదే నొక్కాను.

నిన్న ఫొటో కడిగించి తెచ్చుకున్నాను. ముడతలు, ముక్కుపుడక, పళ్ల మీద పొగాకు గార, అన్నీ తెలుస్తున్నాయి. వెలుతుర్లోకి పట్టుకెళ్లి చాలాసేపు చూశాను. ఎవరి నాయనమ్మో మరి.