గబ్బిలాల మధ్య బాపు పేరు

నేను నిజామాబాద్‌లో పీజీ చదువుతూ, ప్రాజెక్టు కోసం బోధన్ దగ్గర మూతపడ్డ ఒక చక్కెర మిల్లులో గబ్బిలాల అరుపులు పట్టే రికార్డర్ బిగించాను. పొద్దు గూకగానే దానంతటదే ఆన్ అవుతుంది. ఆ అరుపులు మన చెవికి అందవు కనుక కంప్యూటర్లో వేగం బాగా తగ్గించి వింటాం.

ఒకరోజు వాటి టకటకల నడుమ పొడవాటి మూలుగు వినిపించింది. అసలు వేగంలో పెడితే, ఒక ముసలి గొంతు ఒక్కో పేరూ పిలిచి ఆగుతోంది. నాలుగో పేరు మా బాపుది, మా నాన్నది! ఆ మిల్లులోనే పనిచేసిన బాపు పోయి అప్పటికి ఆరేళ్లు.

వాచ్‌మన్‌ను అడిగాను.

"గాయన మా పాత టైంకీపర్ సాబ్, బిడ్డా. రోజూ మాపటికి అచ్చి హాజరు తీస్తడు. పోయినోళ్లనే పిలుస్తడు" అన్నాడు.

ఆ సాయంత్రం గోడ పక్కన నిలబడ్డాను. బాపు పేరు పిలిచి ఆయన ఆగాడు. నాకు తెలియకుండానే "హాజర్ సాబ్" అనేశాను. ఆయన తిరిగి చూడలేదు. తలూపి, తర్వాతి పేరు పిలిచాడు.

మర్నాడు ఫైలులో నా జవాబూ ఉంది. ఎందుకో వేగం కొంచెం తగ్గించి విన్నాను. అచ్చం బాపు గొంతే.

ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరుంది. మళ్లీ వినే ధైర్యమే లేదు.