అంకె పక్కనున్న మాట

సూరత్ దగ్గర హజీరాలో ఉన్న మా ప్లాంటుకు కంపెనీ బస్సులో వెళ్తుండగా మా ఫిట్టరు ఫోన్ చేశాడు. "మేడం, సారు పోయిండు. తెల్లారంగనే గుండెల నొప్పి లేసిందట." తర్వాత ఏడుపే వినిపించింది. పోయినాయన మా కంట్రోల్ రూం పెద్ద, నాకు పని నేర్పినవారు. బస్సులో ఎవరి గోల వారిది. నాకు మాత్రం ఎవరినైనా పట్టుకుని తిట్టాలన్నంత కోపం వచ్చింది.

సారు కరీంనగర్ వైపు మనిషి. ఏసీ గదిలో ఎండాకాలం కూడా స్వెట్టరు తీసేవారు కాదు. ఎవరైనా "అయిపోయింది సార్" అంటే చాలు, "అయిందా, అయిందనుకుంటున్నవా?" అని అడిగేవారు. కొత్తలో ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండేది.

ఒకే ఒక్కసారి ఆ ప్రశ్నను ఆయన తనను తాను అడగడం మరిచారు. అప్పుడే పంపులకు కొత్త కంట్రోలర్ పెట్టాం. పాత ఫైల్లో ఒక్కో వరుసలో పంపు పేరు, నంబరు, దాని మెమరీ చిరునామా ఉండేవి. చిరునామాలు మనం రోజూ వాడే అంకెల్లో ఉన్నాయి. కొత్తదానికి అవి హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో కావాలి. అందులో తొమ్మిది తర్వాత పదికి బదులు A రాస్తారు. పదహారును 10 అని రాస్తారు. వేల వరుసలు చేత్తో మార్చే ఓపిక ఎవరికుంది? ఆ పని కంప్యూటరే చేసేలా సారే చిన్న స్క్రిప్ట్ రాశారు. వరుసలో అంకె ఎక్కడ కనిపిస్తే అక్కడ మార్చేస్తుందది. చిరునామాలు మారాయి. వాటితోపాటు పంపుల నంబర్లూ మారాయి. సరిచూసింది మొదటి కొన్ని పంపులనే. తొమ్మిది దాకా రెండు లెక్కల్లోనూ అంకె ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కొత్త స్క్రీన్ మొదలైన పొద్దుట ఫిట్టరు అప్పటికి ఆగి ఉన్న పదో పంపు దగ్గరకు వెళ్ళాడు. జాలీ విప్పి లోపల చెయ్యి పెట్టాలి, పంపు మొదలవకుండా ఆపి ఉంచమని వాకీటాకీలో అడిగాడు. ఆపరేటరు స్క్రీన్ మీద 10ని ఆపేశాడు. నిజానికి ఆగింది పదహారో పంపు. ఉన్నట్టుండి నీటి ఒత్తిడి పడిపోసాగింది. ఆ లోటు తీర్చడానికి దానంతటదే మొదలవబోయే పంపు నంబరు స్క్రీన్ మీద వెలిగింది: A.

"ఈ A ఏంది? మనకు A పంపు యాడుంది?" అన్నారు సారు. మరుక్షణం ఆయనకు తట్టింది, A అంటే పది. వాకీటాకీ లాక్కుని "చెయ్యి తియ్యి! చెయ్యి బయటికి తియ్యి!" అని అరిచారు. అక్కడి మోతలో ఫిట్టరుకు వినపడదని మా అందరికీ తెలుసు.

సారు ఎర్ర బటన్ నొక్కేశారు. ఎవరినీ అడగలేదు. ప్లాంటంతా ఒక్కసారిగా ఆగిపోయింది. అంత నిశ్శబ్దాన్ని ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు. వాకీటాకీ గరగరలాడింది.

"సారూ, గిట్ల అన్నీ బంద్ అయినయేంది?"

"చెయ్యి ఉన్నదారా?"

"ఉన్నది సారూ. ఏమైంది?"

సారు కుర్చీలో కూలబడ్డారు. 

మధ్యాహ్నం పైవాళ్ళు నిలదీశారు. ప్లాంటు ఎందుకాపావని ఒకటే కేకలు. "స్క్రిప్ట్ మేరా, గల్తీ భీ మేరీ. రాసింది నేనే, తప్పు నాదే, ఆపింది కూడా నేనే," అన్నారు సారు. కొత్త కంట్రోలర్ మీదకో, ఆపరేటరు మీదకో నెట్టేయొచ్చు. నెట్టలేదు. నేను ఆయనకు దణ్ణం పెట్టాలనుకున్న రోజు అదే, పెట్టలేదు.

ఆ తర్వాత స్క్రిప్ట్ దిద్దారు. చిరునామా అన్న మాట తర్వాత వచ్చే అంకెను మాత్రమే ముట్టుకుంటుందది. "అంకెను చూసుడు కాదమ్మా, దాని పక్కనున్న మాట చదవాలె," అన్నారు. ఆనాటి నుంచి ఏ పంపు విప్పినా ఫిట్టరు దాని బోర్డు మీది నంబరు గట్టిగా చదవాలి, మేం స్క్రీన్ మీదిది గట్టిగా చదవాలి. రెండు గొంతులూ కలిస్తేనే పని. ఫిట్టరు ఏమైందని అడిగితే సారు నవ్వుతూ చెప్పారు: "మనకు పది వేళ్ళు, ఈ మిషన్‌కు పదారు అనుకో."

"నాకున్నవి నాకుంటె సాలు సారూ," అన్నాడతను.

నేను సారు ఇంటికి చేరేసరికి ఫిట్టరు బమ్రోలిలోని తన ఇంటి నుంచి అప్పటికే వచ్చేశాడు. సారు ఒంటి మీద స్వెట్టరు లేదు, తెల్లగుడ్డ కప్పారు. ఫిట్టరు బంతిపూలు పాదాల మీద పెట్టి, ఆ పాదాలను అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అందరూ సారు ముఖం చూస్తున్నారు. నేను అతని కుడిచేతినే చూస్తూ ఉండిపోయాను. గ్రీజు ఇంకిన వేళ్ళు, ఐదూ.